నల్ల తెర మీది కాపీ

గురువారం పొద్దున పదిన్నరకు, నూట ఇరవై ఎనిమిది మంది విద్యార్థుల్లో ఒక్కరి మొహం కూడా పరీక్షల వెబ్‌సైటుకు నచ్చలేదు.

హేమలత మొదటి నంబరు మీద నొక్కింది. ఫోటో ఉండాల్సిన చోట తెల్లటి గడి, దాని కింద ఎర్రగా 'ఫైలు దొరకలేదు' అన్న మాట. రెండో నంబరుకూ అదే ఎరుపు, మూడోదానికీ అదే. పదో నంబరు దాకా వచ్చేసరికి ఆమె అరచేయి మౌసు మీద జారసాగింది.

"ఏమాయె?" అన్నాడు భూమేశ్, జిరాక్సు మిషన్లో కాగితాలు సర్దుతూ. బాన్సువాడ బస్టాండుకు ఎదురుగా ఉన్న ఆ ఇంటర్నెట్ సెంటరు అతనిదే.

"ఒక్కటి గూడ తీసుకుంటలేదన్నా."

"ఒక్కటి గూడ అంటే?"

"అన్నీ ఎర్రగనే వస్తున్నయి."

భూమేశ్ కాగితాలు వదిలి వచ్చి, ఆమె భుజం మీదుగా వంగి తానూ నాలుగు నంబర్లు నొక్కాడు. తన వేలికైనా సైటు లొంగుతుందేమోనని అతని ఆశ. లొంగలేదు.

పని ఊళ్ళోని ఒక ప్రైవేటు ఒకేషనల్ కాలేజీది. పిల్లలు నింపిన దరఖాస్తు కాగితాల మీదున్న ఫోటోనూ సంతకాన్నీ స్కాన్ చేసి, విడివిడిగా కత్తిరించి, ఒక్కోదానికి ఇంగ్లిషు అక్షరాలతో మొదలయ్యే ఆ విద్యార్థి నంబరే పేరుగా, ఫోటోకు చివర 'పి', సంతకానికి 'ఎస్' చేర్చి, సైటులోకి ఎక్కించాలి. శనివారం సాయంత్రం ఐదింటికి సైటు మూతపడుతుంది. ఫోటో ఎక్కని పిల్లకు హాల్ టికెట్ లేదు, హాల్ టికెట్ లేని పిల్లకు పరీక్ష లేదు.

హేమలతకు దీంట్లో ఇంకో భయం కూడా ఉంది. రెండు వారాల కింద ఆ కాలేజీ ప్రిన్సిపాల్ భాగ్యవతి మేడం దరఖాస్తులు ఇవ్వడానికి వచ్చి, హేమలత పని చేస్తుంటే కాసేపు నిలబడి చూసింది. ప్రతి కాగితం వెనక పెన్సిల్‌తో నంబరు వేసుకోవడం, అదే నంబరు నోటుబుక్కులో రాసుకోవడం, రెండూ సరిచూసుకున్నాకే కీబోర్డు మీద చెయ్యి పెట్టడం. "జూన్‌ల మా ల్యాబ్ అసిస్టెంటు పోతుండు. నువ్వొస్తవా?" అని అడిగింది వెళ్తూ వెళ్తూ. ఆ మాట హేమలత పిట్లం దగ్గరి తండాలో తల్లి ధర్మికి కూడా ఇంకా చెప్పలేదు. చెబితే ఎక్కడ చెడిపోతుందోనని గుండెలోనే దాచుకుంది.

"పేర్లు తప్పు కొట్టినవ్ అయితే," అన్నాడు భూమేశ్.

ఆమె నోటుబుక్కు తీసి, మొదటి పేజీ నుంచి స్కేలు పెట్టుకుని, తెర మీది పేర్లతో ఒక్కొక్కటీ పోల్చుకుంటూ వెళ్ళింది. రెండు వందల యాభై ఆరు ఫైళ్ళు. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పలేదు. అన్ని అక్షరాలూ ఉన్నాయి, అన్ని అంకెలూ ఉన్నాయి. తాను చిన్నగా కొట్టిన ఇంగ్లిషు అక్షరాలు కొత్త కంప్యూటర్ తెర మీద పెద్దగా కనిపిస్తున్నాయని గమనించింది గానీ, పేరు పేరే కదా అనుకుంది. హెల్ప్‌లైన్ నంబరు సాయంత్రం దాకా బిజీగానే మోగింది.

శుక్రవారం పదిగంటలకు ఎవరో అమ్మాయి ఎత్తింది. కాసేపు టకటకలాడించి, నింపాదిగా చెప్పింది. "మీ ఫైళ్ళ పేర్లన్నీ క్యాపిటల్ లెటర్స్‌లో ఉన్నాయండీ. మా జాబితాలో స్మాల్‌లో ఉన్నాయి. మా సర్వరుకు అవి వేరే పేర్లు."

భూమేశ్ ఫోన్ పెట్టేసి హేమలత వైపు తిరిగాడు. "క్యాప్స్ లాక్!"

"నేను ఒత్తలేదన్నా."

"ఒత్తకుంటే పెద్దగెట్లయితయి?"

"నేను స్మాల్‌లనే కొట్టిన. నాకు యాదికున్నది."

"యాదికుంటే సరిపోతదా? తెర మీద ఏమున్నది చూడు!"

తెర మీద ఉన్నది చూసింది. ఉన్నవి పెద్ద అక్షరాలే. కాదనడానికి ఆమె దగ్గర తన వేళ్ళు తప్ప సాక్ష్యం లేదు.

అప్పుడే కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. భూమేశ్ షాపు ముందుకు నడిచాడు గానీ అతని గొంతు ఎప్పుడూ షాపంతా వినపడేదే. "ఏం లేదు మేడం, మా పిల్ల క్యాప్స్ లాక్ ఏసుకొని కొట్టింది. ఆ... అంతే... చూసుకోలేదు. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి, నేనున్న కదా."

హేమలత చెవులు కాలిపోయాయి. రెండు వారాలుగా దాచుకున్న దానిని ఆయన ఒక్క నిమిషంలో, మాట్లాడుతూ మాట్లాడుతూనే, మట్టి చేసేశాడు. పైగా అందులో ఆయనకు దురుద్దేశం కూడా లేదు, అదే మరీ మంట.

కొత్త కంప్యూటర్ ముందు కుల, ఆదాయ సర్టిఫికెట్లకు వచ్చినవాళ్ళ లైను బయటి మెట్ల దాకా ఉంది. "నువ్వు పోయి పాతదాంట్ల పేర్లు మార్చు. ఆడ చేసిన తప్పు ఆడనే సరి చెయ్యి," అన్నాడు భూమేశ్.

పాతది మూలన ఉంటుంది. ఒకప్పుడు తెల్లగా ఉండి, ఇప్పుడు పండిపోయిన పసుపు రంగు డబ్బా. తొంభై ఎనిమిది నాటి విండోస్. దాన్ని ఇంకా తీసి పారేయకపోవడానికి కారణం పక్కనున్న పెద్ద స్కానరు. దరఖాస్తు మొత్తం పట్టే స్కానరు ఊళ్ళో అదొక్కటే, అది ఈ డబ్బా మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. ఈ డబ్బాకు ఇంటర్నెట్ లేదు, పెన్‌డ్రైవ్ అంటే తెలియదు. దీంట్లోంచి ఏది బయటికి రావాలన్నా ఫ్లాపీల మీదే రావాలి. ఆ ఫ్లాపీలను కొత్త కంప్యూటర్‌కు తగిలించిన చిన్న రీడర్‌లో పెట్టి చదివిస్తారు.

ఫ్లాపీల మీదికి కాపీ చేయడం మాత్రం భూమేశ్ పనే. రోజూ సాయంత్రం విండోస్‌ను మూసేసి, డాస్ అనే నల్ల తెర తెప్పించి, దాని మీద ఆజ్ఞలు టైపు చేస్తాడు. రెండు వేల ఒకటిలో నిజామాబాద్‌లో ఆరు నెలలు నేర్చుకున్న విద్య అది. మౌసుతో ఈడ్చిన ఫైలు సగం దారిలో పడిపోతుందని అతని నమ్మకం. కాపీ కాగానే అసలుది చెరిపేస్తాడు. ఒక్క ఫైలు రెండు జాగాల్లో ఉంటే గడబిడ అంటాడు. చుట్టుపక్కల ఊళ్ళలో వరి, చెరకు వేసుకునే తన అన్నదమ్ములకు చేతకానిది తనకొకటి తెలుసునన్న సంబరం ఆ నల్ల తెర ముందు కూర్చున్నప్పుడు అతని వీపులో కనిపిస్తుంది.

హేమలత మొదటి ఫ్లాపీ పెట్టింది. పాత విండోస్‌కు ఒక మురిపెం ఉంది, అన్నీ పెద్ద అక్షరాలుంటే మొదటిదాన్ని పెద్దగా ఉంచి మిగతావాటిని చిన్నగా చేసి చూపిస్తుంది. ఆమె పేరు మీద నొక్కి, అంతా చిన్న అక్షరాల్లో కొట్టి, ఎంటర్ ఒత్తింది. ఫ్లాపీ గరగరమంది. మొదటి అక్షరం మళ్ళీ తలెత్తుకుని నిలబడింది.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ తలెత్తింది. నాలుగోసారికి ఆమెకు ఏడుపే వచ్చింది. కంప్యూటర్ లెక్కలో అది అసలు పేరు మార్చడం కాదు, ఉన్న పేరే మళ్ళీ చెప్పడం. ఉన్న పేరుకు కొత్తగా చేసేదేముందని అది ఊరుకుంటోంది.

అయితే ముందు అసలు సంబంధమే లేని పేరు పెడితే? 'ఎక్స్ ఒకటి' అని కొట్టింది. గరగర. ఎక్స్ ఒకటి అయింది. వెంటనే దాన్ని నంబరుకు మార్చింది, అంతా చిన్న అక్షరాల్లో. గరగర. ఈసారి ఏ అక్షరమూ తల ఎత్తలేదు.

హేమలత ఊపిరి వదిలింది. ఇక కూర్చుంది. ఒక్కో ఫైలుకు రెండు పేర్లు, రెండుసార్లు గరగర. ఏడు ఫ్లాపీలు. వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. మధ్యలో కరెంటు ఒకసారి పోయి, ఇన్వర్టర్ అందుకునేలోపు ఆమె రెండు చేతులూ డబ్బా మీద వేసింది, పట్టుకుంటే ఆరిపోకుండా ఉంటుందన్నట్టు. సాయంత్రం ఐదుంపావుకు చివరి ఫ్లాపీలో చివరి సంతకం కూడా మారింది. ఏడు ఫ్లాపీలూ మళ్ళీ మొదటి నుంచి తెరిచి చూసుకుంది. అన్నీ చిన్న అక్షరాలే.

"అయినయన్నా."

భూమేశ్ వచ్చి ఒక ఫ్లాపీని చెవి దగ్గర ఊపి చూశాడు. "నడుస్తుంటె శబ్దమెక్కువ చేస్తున్నయి ఇవి. మంచివాటి మీదికి ఎక్కించి పెడుత. నువ్వు పో, ఆటో పోతది." అతను కుర్చీలో కూర్చోగానే విండోస్ మూతపడి, నల్ల తెర వచ్చింది.

శనివారం తొమ్మిదిన్నరకు కొత్త ఫ్లాపీలను కొత్త కంప్యూటర్‌లో పెట్టి మొదటి నంబరు నొక్కారు. ఎరుపు.

ఫైళ్ళ జాబితా తెరిచారు. పై నుంచి కింది దాకా క్యాపిటల్ లెటర్లు, వరసగా, తాపీగా.

"నిన్న పొద్దంత ఏం చేసినవ్?" భూమేశ్ గొంతు పెద్దది కాలేదు. అదే భయంగా ఉంది. "చెప్పు. మెషిన్ ముందల కూసొని ఏం చేసినవ్?"

హేమలతకు తెర మసకబారింది. నిన్న సాయంత్రం తన కళ్ళతో చూసింది. ఏడు ఫ్లాపీలూ తెరిచి చూసింది. తాను లేచేసరికి చిన్నవి, ఇప్పుడు పెద్దవి. మధ్యలో జరిగింది ఒక్కటే.

"అన్నా, కోపం చెయ్యకు. నేను ఇచ్చినప్పుడు స్మాల్‌లనే ఉండె. నువ్వు నల్ల తెర మీద కాపీ చేసినంక ఇట్లయినయి."

"ఏంది?"

"మొదలు గూడ గట్లనే అయి ఉంటది. నల్ల తెర పేర్లను పెద్దగ చేస్తుందేమో. దానికి చిన్న అక్షరాలు తెల్వవేమో."

"ఇరవై ఏండ్లకెళ్ళి చేస్తున్న నేను ఆ కాపీ! ఎన్నడన్న ఎవలన్న ఒక్క మాటన్నరా?"

"గప్పుడు సర్వర్లు పట్టించుకోలేదు కావచ్చన్నా. నిన్నటి ఫ్లాపీలున్నయా? చూపిస్త."

"తుడిచిన."

అంతే. మాటకు ఆధారం ఏడు ఫ్లాపీలతో సహా తుడిచిపెట్టుకుపోయింది. భూమేశ్ మొహం ఎర్రబడింది. "నీ తప్పు కప్పుకోనికి నా మీద తోస్తున్నవ్. నిన్ను పనిల పెట్టుకున్నందుకు మంచిగనే చేసినవ్." అతను షటరు సగం దించి, బయట లైనులో ఉన్నవాళ్ళతో ఇవాళ సర్టిఫికెట్లు లేవు పొండ్రి అన్నాడు. "కూసో. ఈ కొత్తదాంట్లనే మార్చు. నా కండ్ల ముందల."

కొత్త కంప్యూటర్ మంచిది. ఒక్కసారి చెబితే వింది. హేమలత కొడుతుంటే భూమేశ్ పక్కనే స్టూలు మీద కూర్చుని, ఒక్కో పేరునూ గొణుక్కుంటూ చూశాడు. క్యాప్స్ లాక్ దీపం వెలుగుతుందేమోనని మధ్యమధ్య కీబోర్డు వైపు వంగాడు. ఆ వంగడం హేమలతను మాటలకంటే ఎక్కువ కోసింది. మూడున్నరకు నూట ఇరవై ఏడు మంది మొహాలు తెర మీద నిలిచాయి.

మిగిలింది ఒక్క స్వాతి. జుక్కల్ అవతలి తండా పిల్ల. సంతకం గడిలో కాకుండా గీత మీద పెట్టిందని సైటు ఫోటోతో సహా తిప్పికొట్టింది. ఫోటో తీసుకుని రమ్మని ఫోన్ చేశారు, కాసేపటికి బస్సులో ఉన్నానంది.

నాలుగింటికి భాగ్యవతి మేడమే స్వయంగా వచ్చి, షటరు కింది నుంచి వంగి లోపలికొచ్చి కూర్చుంది. హేమలత నమస్తే అంటే తల మాత్రం ఊపింది. మాటిమాటికి గడియారం చూసుకుంది.

నాలుగూ నలభై మూడుకు స్వాతి వచ్చింది, చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తుకుంటూ. కొత్త కాగితం మీద సంతకం పెట్టించారు. తొందరలో మొదటి సంతకం గడి దాటింది. ఇంకో కాగితం. హేమలత దాన్నీ, స్వాతి తెచ్చిన ఫోటోనూ స్కానరు అద్దం మీద బోర్లించి, అరచేత్తో చదును చేసి, మూత వేసింది. స్కానరు దీపం నింపాదిగా నడిచింది. కత్తిరించింది. నంబరు కొట్టింది, ఫోటోకు ఒకటి, సంతకానికి ఒకటి. మేడం వెనకే నిలబడి ఉంది. రెండు పేర్లూ చిన్న అక్షరాల్లో, ఆమె కళ్ళ ముందే, తెర మీద ఉన్నాయి.

నాలుగూ యాభై ఒకటి.

"జరుగు," అన్నాడు భూమేశ్, ఫ్లాపీ తీసి. కాపీ అతని పని.

హేమలత లేవబోయి ఆగిపోయింది. ఇదే అదను. ఆయన నల్ల తెర మీద కాపీ చేస్తాడు, ఫ్లాపీ కొత్త కంప్యూటర్‌లో పెడతారు, పెద్ద అక్షరాలు వస్తాయి. మేడం చూస్తుంది. తాను ఒక్క మాట కూడా అనక్కర్లేదు. లేచి పక్కకు నిలబడితే చాలు, రెండు రోజుల మచ్చ అదే పోతుంది.

కానీ విండోస్ మూతపడి నల్ల తెర రావడానికే ఐదారు నిమిషాలు పడుతుంది. ఒక్కోసారి సగంలో బిగుసుకుపోతే మళ్ళీ మొదటి నుంచి. ఆ తర్వాత పేర్లు మార్చాలి, ఆ తర్వాత ఎక్కించాలి. స్వాతి గోడకు ఆనుకుని, చెప్పులు ఇంకా చేతిలోనే పట్టుకుని, గడియారం వంక చూస్తోంది.

ఎంత ఆశ పుట్టిందో అంత కోపం వచ్చింది హేమలతకు, తన మీద తనకే.

"వద్దన్నా. టైం లేదు," అంది, కుర్చీలోంచి లేవకుండానే. అతని చేతిలోంచి ఫ్లాపీ లాక్కున్నట్టే తీసుకుంది. డ్రైవులోకి తోసి, రెండు ఫైళ్ళను మౌసుతో పట్టి, ఈడ్చి, ఫ్లాపీ బొమ్మ మీద వదిలింది. గరగర. బయటికి తీసి భూమేశ్ చేతిలో పెట్టింది. "నువ్వు ఎక్కియ్యి. జల్ది."

భూమేశ్ గడియారం చూశాడు. కొత్త కంప్యూటర్ దగ్గర కూర్చుని ఫ్లాపీ రీడర్‌లో పెట్టాడు. జాబితా తెరుచుకుంది, చిన్న అక్షరాలతో. ఒక్క క్షణం అతని చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. తర్వాత ఫోటో నొక్కాడు, సంతకం నొక్కాడు. తెల్లటి గడిలో స్వాతి మొహం వచ్చింది, ఎర్ర మాట ఏదీ లేకుండా.

నాలుగూ యాభై ఎనిమిది. స్వాతి చెప్పులు కింద వేసి తొడుక్కుంది.

"ఆఖరికి గట్టెక్కినం," అంది మేడం. పర్సు భుజానికి తగిలించుకుని హేమలత దగ్గర ఆగింది. గొంతులో కాఠిన్యం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. "నీ పని చూసి నేను చాన అనుకున్న హేమలతా. గాని ఒక్క పని మూడుసార్లు చేయాల్సి వచ్చె. జూన్‌ల నువ్వొస్తే, ల్యాబ్‌ల అరవై మంది పిల్లలుంటరు. నాకు ఇబ్బందైతది."

హేమలత భూమేశ్ వైపు చూసింది. భూమేశ్ తెర వైపు చూస్తున్నాడు. ఇప్పుడు నోరు విప్పి అతని పేరు చెబితే, తప్పు చేసి యజమాని మీద తోస్తోందనే అనుకుంటారు. "సరే మేడం," అంది. మేడం స్వాతిని వెంటబెట్టుకుని షటరు కింది నుంచి వెళ్ళిపోయింది.

హేమలత దరఖాస్తులన్నీ నంబరు వరసలో సర్ది దారం కట్టింది. ఆ పని నిజానికి సోమవారం చేసినా సరిపోతుంది. చేతులు ఊరుకుంటే కళ్ళు ఊరుకోవని చేసింది.

వెనక పాత కంప్యూటర్ మూతపడుతున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే భూమేశ్ దాని ముందు కూర్చుని ఉన్నాడు. నల్ల తెర వచ్చింది. స్వాతి ఫోటోనే, అదే చిన్న అక్షరాల పేరుతో ఉన్నదాన్నే, ఇంకో ఫ్లాపీ మీదికి కాపీ చేశాడు. ఈసారి అసలుది చెరపలేదు. ఫ్లాపీ పట్టుకుని కొత్త కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు. జాబితా తెరిచాడు.

పెద్ద అక్షరాలు.

అతను ఫ్లాపీ తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఫోన్ తీశాడు. మూలన ఉన్న ఫ్యాను చప్పుడుకు వినపడదని స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు.

"మేడం, నమస్తే. గా పేర్ల ముచ్చట... మా పిల్లది తప్పు కాదు మేడం. మిషన్‌ది. పాతదయింది కదా, అదే పేర్లను పెద్దగ చేస్తుంది. ఇప్పుడే చూసిన."

హేమలత దారం ముడి వేస్తున్న చెయ్యి ఆపింది. మిషన్. పాపం దానికి నోరు లేదు, అనొచ్చు. దాని మీద వేస్తే భూమేశ్ పరువూ మిగులుతుంది, తన ఉద్యోగమూ మిగులుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఆమెకు ఎక్కడో తేలికైంది కూడా, అబద్ధమెందుకు.

"మిషన్ చేస్తుందా?" అంది మేడం గొంతు. "మరి ఆఖరి పిల్లది మంచిగనే వచ్చె కదా, అదే మిషన్ల. హేమలత ఉన్నదా ఆడ?"

"ఉన్న మేడం."

"నువ్వు చెప్పు. మా ల్యాబ్‌ల గూడ పాత సిస్టమ్స్ ఉన్నయి నాలుగు, నాకు తెల్వాలె. ఆఖరిది ఎట్ల సరిగొచ్చింది?"

హేమలత బల్ల దగ్గరికి వచ్చింది. "విండోస్‌లకెళ్ళి కాపీ చేస్తే పేరు ఎట్లున్నది అట్లనే పోతది మేడం. విండోస్ బంద్ చేసి నల్ల తెర మీదికెళ్ళి చేస్తే అన్నీ క్యాపిటల్ అయితయి. దానికి చిన్న అక్షరాలు దాచుకొనుడు రాదు."

"అంటే మిషన్ తప్పేం లేదు."

"లేదు మేడం. చెప్పినట్టే చేసింది."

"మరి నల్ల తెర మీదికెళ్ళి కాపీ ఎవలు చేసిన్రు?"

ఫ్యాను తిరుగుతోంది. బయట కోటగిరి ఆటో వాడు జనాన్ని పిలుస్తున్నాడు. హేమలత ఫోన్ వైపు చూసింది, భూమేశ్ వైపు చూడలేదు. చెప్పడానికి పేరు నాలుక చివరే ఉంది. చెప్పలేదు. అతన్ని కాపాడదామనీ కాదు. ఆ జవాబు తనది కాదు, అంతే.

"హలో? ఉన్నరా?"

భూమేశ్ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "నేనే మేడం," అన్నాడు. షాపంతా వినిపించే గొంతు, బల్ల దాటి పోలేదు. "రెండుసార్లు గూడ నేనే. పొద్దున ఈ పిల్ల చెప్పింది. నేనే ఇనలే."

"హేమలతా," అంది మేడం. "సోమవారం నీ సర్టిఫికెట్లు పట్టుకొని రా. జిరాక్సులు వద్దు, ఒరిజినల్స్." ఫోన్ కట్టయింది.

హేమలతకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, చున్నీతో తుడుచుకుంది. సంచీ భుజానికి వేసుకుని షటరు దాకా వెళ్ళింది.

"చెల్లె," అన్నాడు భూమేశ్ వెనక నుంచి. అప్పటికే అతను మూలనున్న పాత కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, దాన్ని మళ్ళీ మొదలుపెడుతున్నాడు. "ఇంకో ఆటో ఉంటది కదా. గా కాపీ ఎట్ల చేసినవో జెర నాకు గూడ చూపియ్యి. జూన్‌ల నువ్వు కాలేజీకి పోయినంక నేను ఎవలను అడగాలె?"

హేమలత సంచీ బల్ల మీద పెట్టి, అతని పక్కకు స్టూలు లాక్కుంది.